ఇనబడితె మీట నొక్కు

ముహర్రక్ దవాఖానల
గాజు కిటికున్న చిన్న పెట్టెల కూసోవెట్టిన్రు.
గోడలకు కోడిగుడ్ల అట్టల లెక్క మెత్తటి నురుగు.
కేరళ నర్సమ్మ చెవులకు డొప్పలు తొడిగి
చేతిల మీట వెట్టి, హిందీల చెప్పింది:
"కూత ఇనబడితె నొక్కు. అనుమానమొచ్చినా నొక్కు."

తలుపు మూసింది.

తొమ్మిదేండ్ల తర్వాత
నా గుండె కొట్టుకునుడు నేనే ఇన్న.
అంతల్నే చిమ్మట మొదలయ్యింది.

మెట్‌పల్లి కాడ మక్కచేన్ల
చీకటి పడ్డంక మోగే అదే చిమ్మట.
ఈడ చేనేది?
ఉప్పుమట్టి, కంకర, డీజిలు వాసన.
కూత ఇదేనేమో అనుకొని నొక్కిన.
గాజు అవతల నర్సమ్మ తల అడ్డంగ ఊపింది:
ఇంకా ఏం మొదలువెట్టలే.

నా పని, సముద్రంల ఇనుపగుంజలు దిగ్గొట్టే బార్జి మీద.
సుత్తె లేస్తది, పడుతది, లేస్తది, పడుతది.
పొద్దుకు పన్నెండు వేల దెబ్బలని
టేక్ బహదూర్ ఒకనాడు లెక్క చెప్పిండు,
నోటితోని కాదు, వేళ్లతోని.
ఆడ నోటికి పనిలేదు.

పసుప్పచ్చ బిరడాలిస్తరు చెవులకు, మంచియే.
పెట్టుకుంటె ఎనుకకొచ్చే లారి కూత ఇనరాదు.
పోయిన రంజాన్ల ఒకడు అట్లనే నలిగిండు.
అప్పటిసంది ఒక చెవిల పెట్టుకుంట, ఒకటి తెరిచి ఉంచుత.
ఇయ్యాల ఏ చెవి బలి అని
తెల్లారి బస్సుల కూసోని ఆలోచన చేస్త.

క్యాంపుల పన్నెండు మంచాల అర్ర,
అర్ర ఎనుక జనరేటరు.
ఒక రాత్రి అది ఆగింది.
అందరం దిగ్గున లేసి కూసున్నం,
ఎవలో పేరు పెట్టి పిలిచినట్టు.
ఉక్కకు కాదు, చీకటికి కాదు.

లీవుకు పోయినప్పుడు
చాయ్ హోటల్ల నోరు తెరిస్తె నలుగురు నవ్విన్రు:
"పైసలు మాట్లాడుతున్నయిరా!"
నేను గుసగుసనే అనుకున్న.

ఒడ్డు మీద వల కుట్టుకునే ముసలి అబూ రాషిద్
సగం అరబ్బీ, సగం సైగలతోని చెప్పిండు:
ఈడ నీళ్లల్ల గడ్డి ఉండె,
గడ్డి మేసే సముద్రపు ఆవులుండె,
తల్లీ దూడా పిట్టల లెక్క కిచకిచమనుకుంట
ఒకదాన్నొకటి ఎతుక్కునేటియట.
సుత్తె పడ్డంక మంద అటు దక్షిణం దిక్కు పోయింది.
తప్పిపోయిన దూడ ఒకటి
మూడొద్దులు బార్జి సుట్టే తిరిగింది.

ఆ మూడొద్దులు నేను డ్యూటీలనే ఉన్న.
నీళ్లల్ల చప్పుడు గాలిల కంటె నాలుగింతల వడిగ పోతదని
మా ఇంజనీరు గొప్పగ చెప్పిండు ఒకపారి.
దూడకు ఎవలు బిరడా ఇయ్యలే.

పరీక్షల నేను దొంగతనం చేసిన.
అన్‌ఫిట్ అని రాస్తె టికెట్ కొడ్తరు గద,
నర్సమ్మ చెయ్యి కదిలినప్పుడల్లా
ఇనబడకున్నా నొక్కిన.
ఆమె చెయ్యి కదిలిచ్చుడు ఆపి, నన్నే చూసింది.
నేను అప్పుడు గూడ నొక్కిన.

డాక్టరు కాయిదం చూపించిండు.
గీత కొంతదూరం చదునుగ నడిచి
కాలువకట్ట లెక్క కిందికి జారింది.
"పెద్ద చప్పుళ్లు ఇంటవు. సన్న అక్షరాలు పోయినయి. ఇగ రావు."
బీపీ గూడ ఎక్కువున్నదన్నడు.
"నిద్ర పడుతున్నదా?"
"ఆఁ?" అన్న నేను.

ఏ అక్షరాలో నాకెర్కే.
శ, ష, స.
సార్లు బెత్తంతోని కొట్టి నేర్పినయి
సుత్తె కొట్టి తీస్కపోయింది.

బిడ్డకు సహస్ర అని నేనే పేరు పెట్టిన.
ఫోన్ల అది తన పేరు చెప్పుకుంటె
"అ... అ... ర" అంటది.
వెయ్యి అని అర్థం.
వెయ్యిల ఎన్ని మిగిలినయో తెల్వది.

బయటికొచ్చి నర్సమ్మను అడిగిన:
ఇంకో రెండు నిమిషాలు ఆ పెట్టెల కూసుంట.
లైన్ల మంది ఉన్నరు.
అయినా తలుపు తీసింది.

లోపల, నా గొంతుతోని,
చెంపకు చెంప ఆనిచ్చి చెప్పేంత మెల్లగ
"సహస్ర" అన్న.
చిమ్మట అడ్డమొచ్చింది.
మళ్ల అన్న.

బొటనవేలు, అలవాటుకు,
మీట కోసం ఎతుకుతున్నది.